గట్టిగా పట్టుకో... బయల్దేరుతున్నాం!

ఆదివారం. తెల్లవారుజామున అయిదుంబావు. కొత్తపేటలో మెట్రో ఇంకా మొదలుకాలేదు. విక్టోరియా మెమోరియల్ స్టేషను స్తంభాల కింద ఎనిమిది బండ్లు ఆగి ఉన్నాయి. రెండు బుల్లెట్లు, ఓ డామినర్, మిగతావి పల్సర్లూ అపాచీలూ.

ఒకప్పుడైతే ఈ వేళకి ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పండ్ల మార్కెట్టు లారీలు, ఆటో ట్రాలీలు, హమాలీల కేకలు... మామిడి సీజన్లో చెప్పనే అక్కర్లేదు. మార్కెట్టు బాటసింగారానికి వెళ్లిపోయి, 2022లో పాత షెడ్లు కూల్చేశాక, ఈ రోడ్డుకి తెల్లవారుజామున కాస్త ఊపిరాడుతోంది. ఊరు దాటి బండ్లమీద షికారు వెళ్లే బృందాలు కలుసుకోవడానికి ఇదే అనువైన సమయం. ఎల్బీనగర్ చౌరస్తా రెండు స్టేషన్ల దూరం కూడా లేదు. అక్కణ్నుంచి తిన్నగా పోతే విజయవాడ, కుడివైపు తిరిగితే సాగర్.

ఎనిమిది బండ్లలో ఏడింటికి వెనక సీటు ఖాళీ. ఎనిమిదో బండి పక్కన ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో కొత్త హెల్మెట్టు. దాని అద్దానికి అంటించిన పల్చటి ప్లాస్టిక్కు కాగితం కూడా ఇంకా పూర్తిగా తీయలేదు.

ఆవిడ పేరేమిటని అడగొద్దు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీలో చూసినా అలాంటివాళ్లు కనిపిస్తారు. పెళ్లయి పదేళ్లో పదిహేనేళ్లో అయి ఉంటుంది. ఆయనకి నెలకో ఆదివారం మిత్రబృందంతో బండిమీద ఊరు దాటడం సరదా. ఆవిడకి ఆ సరదా మీద కోపం. ‘ఆదివారం ఒక్కరోజూ ఇంట్లో ఉండరు కదా’ అన్న మాట చాలాసార్లే అయి ఉంటుంది. చివరికి ఓరోజు ఆయన ‘అయితే నువ్వూ రారాదూ’ అని ఉంటాడు. ‘వస్తే...?’ అని ఆవిడ అనుకుని ఉంటుంది. ఇలాంటి బృందాల్లో కొత్తగా చేరే వెనక సీటు కథలు ముప్పాతికవంతు ఇలాగే మొదలవుతాయి.

బండి వెనక కూర్చోవడం ఆవిడకి కొత్త కాదు. సరూర్‌నగర్ రైతుబజారుకి, పెళ్లిళ్లకి, పుట్టింటికి... అంతా బండిమీదే. కానీ అదంతా చీర కట్టుకుని, కాళ్లు రెండూ ఒకవైపు పెట్టుకుని, ఒడిలో సంచో పిల్లాడో ఉండగా, అయిదారు కిలోమీటర్లు. ఇప్పుడు వెళ్లాల్సింది దాదాపు 150 కిలోమీటర్లు. అదీ ఇటో కాలు అటో కాలు వేసి.

‘అలా కూర్చుంటే ఎలా ఉంటుందో’ అన్నది మొదటి సందేహం. ‘అత్తయ్య ఏమంటుందో’ అన్నది రెండోది. రెండో సందేహానికే ఎక్కువసేపు పడుతుంది! చుడీదారు వేసుకుని, చున్నీ ఇంట్లోనే వదిలేసి, పక్కింటివాళ్లు లేవకముందే మెట్లు దిగి వచ్చేయడం దానికి చాలామంది ఎంచుకునే పరిష్కారం.

ఎక్కడమూ నేర్చుకోవాలి

వెనక కూర్చునేవాళ్లు సామాను కాదు. పెద్ద ప్రయాణాలు చేసినవాళ్లంతా మొదట చెప్పేది ఈ మాటే. మూట అయితే తాడుతో కట్టేస్తే కదలదు. మనిషి కదులుతుంది, భయపడుతుంది, మలుపులో అటువైపు ఒరుగుతుంది. యాభై అరవై కిలోల బరువు వెనక చక్రం మీద అటూ ఇటూ అవుతుంటే నడిపేవాడికి హ్యాండిల్లో తెలుస్తుంది.

అందుకే బృందంలో అనుభవం ఉన్నాయన ఒకరు బయల్దేరేముందు అయిదు నిమిషాలు పాఠం చెబుతారు. నడిపేవాడు స్టాండు తీసి, రెండుకాళ్లూ నేలమీద గట్టిగా ఆనించి ‘ఎక్కు’ అన్నాకే ఎక్కాలి. ఎడమవైపు నుంచే. చాలా బండ్లకి సైలెన్సరు కుడివైపుంటుంది మరి! పిక్కమీద గుండ్రటి కాలిన మచ్చ ఉన్నవాళ్లని అడిగితే ఆ సంగతి వాళ్లే చెబుతారు. దిగేటప్పుడూ అంతే, చెప్పకుండా దిగకూడదు. సిగ్నల్ దగ్గర బండి ఆగినా కాళ్లు ఫుట్‌రెస్టుల మీదే ఉండాలి. నేలకి ఆనించడం నడిపేవాడి పని. మలుపు వచ్చినప్పుడు వ్యతిరేక దిశలో ఒరగకూడదు. బండి ఎటు వంగితే అటు భుజం మీదుగా రోడ్డు చూస్తే చాలు, ఒళ్లు దానంతటదే సరిగ్గా సర్దుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు ముందున్న మనిషి మీద పడిపోకుండా ఒక చెయ్యి ఆయన నడుం దగ్గర, ఒక చెయ్యి సీటు వెనక హ్యాండిల్ మీద. లేదంటే రెండు హెల్మెట్లూ ‘ఠక్’మంటాయి. మొదటి పది కిలోమీటర్లలో కనీసం ఆరుసార్లు అనడం ఖాయం.

మాట్లాడుకోవడం కుదరదు. అరవై దాటితే గాలిహోరులో ఏమీ వినపడదు. అందుకే ముందే గుర్తులు అనుకుంటారు. భుజం మీద ఒకసారి తడితే ‘నెమ్మది’. రెండుసార్లు తడితే ‘ఆపు’. ఇంతకుమించి భాష అక్కర్లేదు. ఈ రెండు గుర్తులూ ఎంత అవసరమో ఇంకాసేపట్లో మాల్ దాటాక తెలుస్తుంది.

బండికీ పాఠం ఉంది. ఒక్కరే వెళ్లేటప్పుడు ఉండే గాలి ఇద్దరికి చాలదు. వెనక టైరుకి ఎంత కావాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది (ఆ పుస్తకం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు, అది వేరే సంగతి). వెనక షాకబ్జర్లకి కింద ఉండే రింగును ఒకటి రెండు గాట్లు బిగిస్తే గుంతల్లో నడ్డి విరగదు. వెనక బరువు పెరిగితే ముందు లైటు కాస్త పైకి లేస్తుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. దాన్నీ దించుకోవాలి.

చీర అంచు కోసం ఓ నిబంధన

మనదేశంలో బండి వెనక సీటు అంటే ప్రభుత్వానికి కూడా ముందు గుర్తొచ్చింది చీరే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దీని గురించే. ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగందాకా కప్పే రక్షణ ఉండాలి. మనం శారీగార్డు అని పిలిచేది దాన్నే. కొత్త బండి కొన్న కుర్రాళ్లు షోరూమ్ నుంచి ఇంటికి రాకముందే మెకానిక్కు దగ్గర ఆగి ముందుగా పీకించేదీ దాన్నే! బండి అందంగా కనపడదట. చక్రంలో చున్నీ చుట్టుకుంటే మెడ దగ్గర ఏమవుతుందో ఆ క్షణంలో గుర్తురాదు.

చట్టం 128వ సెక్షన్ ప్రకారం వెనక ఒక్కరే కూర్చోవాలి. 129వ సెక్షన్ హెల్మెట్టు గురించి. 2019లో సవరించాక అది మరింత స్పష్టంగా ఉంది. నాలుగేళ్లు దాటిన ఎవరైనా సరే, నడిపినా వెనక కూర్చున్నా హెల్మెట్టు పెట్టుకోవాల్సిందే (తలపాగా ధరించిన సిక్కులకు మాత్రం మినహాయింపు). లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అయినా మన రోడ్లమీద చూడండి... ముందాయన తలమీద హెల్మెట్టు, వెనకావిడ తలలో మల్లెపూలు. కెమెరా ముందు నుంచి ఫొటో తీస్తుందని ఆయన ధీమా.

ఆ ధీమా ఖరీదు ఎంతో లెక్క ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్లే 74,897 మంది. హెల్మెట్టు లేక పోయినవాళ్లు 50,029 మంది అయితే వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. రోజుకి సగటున 39 మంది. హ్యాండిల్ వాళ్ల చేతుల్లో లేదు, బ్రేకు వాళ్ల కాలికింద లేదు. వేరేవాళ్లని నమ్మి కూర్చున్నవాళ్లు.

చీర కట్టుకుని ఒకవైపు కూర్చోవడంలో ఉన్న చిక్కు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బరువంతా ఎడమవైపుకి పడుతుంది. ఆనించడానికి ఒక్క పాదానికే ఆసరా. హఠాత్తుగా బ్రేకు వేస్తే మోకాళ్లతో సీటుని అదిమి పట్టుకునే వీలుండదు. బజారుదాకా అంటే సర్దుకుపోవచ్చు. హైవే మీద అది పనికిరాదు. పెద్ద ప్రయాణాల బృందాలు ఈ విషయంలో మొహమాటపడవు. చీరలో వస్తే కార్లో రమ్మంటాయి.

ఎవరి వేగం ఎవరిది?

అయిదున్నరకి బండ్లు కదులుతాయి. ఎల్బీనగర్ దగ్గర విజయవాడ దారి వదిలేసి సాగర్ రింగురోడ్డు వైపు తిరుగుతాయి. కొత్తవాళ్లని తీసుకెళ్లడానికి ఏ దారి మేలన్నది ఈ బృందాల్లో తెగని వాదన. విజయవాడ జాతీయ రహదారి నాలుగు వరసలది, మధ్యలో డివైడరుంటుంది, ఎదురొచ్చేవాళ్ల భయం తక్కువ. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో బైకులకి రుసుమూ లేదు. కానీ పక్కనుంచి వోల్వో బస్సు దూసుకుపోతే ఆ గాలికి బండి ఒక్క అడుగు పక్కకి జరిగినట్టవుతుంది. వెనక కూర్చున్న మనిషికి అది మొదటిసారి అయితే కేక పెట్టకుండా ఉండదు. సాగర్ దారిలో అంత రద్దీ ఉండదు, చెట్లూ చేలూ ఉంటాయి. కానీ చాలామేర రెండు వరసలే. ఓవర్‌టేకు చేయాలంటే ఎదురు వరసలోకి వెళ్లాల్సిందే.

బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటి బొంగ్లూరు దగ్గర ఔటర్ కిందనుంచి వెళ్తే నగరం అయిపోయినట్టు. ఆ ఔటర్ మీదకి ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు కాబట్టి దాన్ని ఇలా కిందనుంచి చూసి పోవడమే. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీదనుంచి వచ్చే చల్లగాలి తగిలేసరికి ఆవిడ మొదటిసారి ఆయన నడుం మీద పట్టు కొంచెం వదులు చేస్తుంది.

బృందంగా వెళ్లడానికి ఓ పద్ధతుంది. ఒకరి వెనక ఒకరు తోకలా వెళ్లరు. పక్కపక్కనా వెళ్లరు. ముందు బండి తన వరసలో కుడివైపు ఉంటే తర్వాతది ఎడమవైపు, ఆ తర్వాతది మళ్లీ కుడివైపు. సూటిగా ముందున్న బండికీ మనకీ మధ్య కనీసం రెండు సెకన్ల దూరం. అరవై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. వెనక మనిషి ఉంటే అది ఇంకా పెరగాలి, ఎందుకంటే బరువు ఎక్కువైన బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. అందరికంటే ముందు దారి చూపే నాయకుడు. అందరికంటే చివర బాగా అనుభవమున్న మనిషి. ఎవరి బండి ఆగిపోయినా ఆయన ఆగుతాడు. ఆయన్ని దాటి ఎవరూ వెనకపడరు, నాయకుణ్ని దాటి ఎవరూ ముందుకెళ్లరు.

మరి మనిషిని ఎక్కించుకున్న బండి ఎక్కడుండాలి? నెమ్మదిగా వెళ్తుంది కదా అని చాలామంది చివర పెడతారు. అదే పెద్ద పొరపాటు. వరసలో ముందున్నవాళ్లు కొంచెం వేగం పెంచితే చివరివాళ్లు అందుకోవడానికి చాలా పెంచాల్సి వస్తుంది. రబ్బరుబ్యాండు సాగి సాగి ఒక్కసారి ముడుచుకున్నట్టు. కొత్త మనిషి ఉన్న బండి నాయకుడి వెనకే ఉండాలి. అప్పుడు బృందమంతా దాని వేగంతోనే వెళ్తుంది.

వినడానికి ఇది సులువే. కుర్రాళ్లకి ఒప్పించడం కష్టం. యాచారం, మాల్ దాటేసరికి రోడ్డు ఖాళీ అవుతుంది. వెనకున్న ఖాళీ సీట్ల బండ్లకి చేతులు దురదపెడతాయి. ఎవరో ఒకరు రయ్యిమని ముందుకెళ్తారు. వాళ్ల వెనక ఇంకొకరు. అసలు పరీక్ష అప్పుడు. అది రోడ్డుకి సంబంధించింది కాదు, ఆయనకి సంబంధించింది. నెలనెలా తనూ అలా వెళ్లినవాడే. ఇవాళ వెనకపడితే చాయ్ దగ్గర నవ్వుతారు. ముందు ఆర్టీసీ బస్సు, ఎదురుగా దూరంగా ఓ ట్రాక్టరు. దాటేయొచ్చు అనిపిస్తుంది. ఒక్కడే ఉంటే దాటేసేవాడే. ఇద్దరి బరువుతో బండి అంత చురుగ్గా అందుకోదని లెక్క తెలిసినా చెయ్యి యాక్సిలరేటర్ తిప్పుతుంది.

భుజం మీద ఒక్కసారి తడుతుంది ఆవిడ.

ఆ తట్టుడుని ఆయన ఎలా తీసుకుంటాడన్నదే ఆ రోజు ప్రయాణం. చెయ్యి వెనక్కి తిరిగితే ఆవిడ మళ్లీ ఎప్పుడైనా వస్తుంది. ‘ఏం కాదులే’ అని దూరిపోతే, ఏమీ కాకపోయినా, ఆ హెల్మెట్టు అటకమీదకి పోతుంది. కొత్తవాళ్లని తీసుకొచ్చి అలా పోగొట్టుకున్న బృందాలు చాలానే ఉంటాయి. తప్పు వెనకవాళ్ల భయానిదని అనుకుంటాయవి.

పాలసీ తీసి చూశారా?

చింతపల్లి సాయిబాబా గుడి దగ్గర్లో ఆగితే ఇడ్లీ, చాయ్. కొత్తవాళ్లుంటే గంటకోసారైనా ఆగడం మంచిది. నడిపేవాడికి పనుంటుంది కాబట్టి నొప్పి తెలియదు. వెనకవాళ్లకి కూర్చోవడమే పని. ముందు నడుము, తర్వాత మోకాళ్లు, ఆఖరికి కూర్చున్నచోట తిమ్మిరి. ఆవిడ దిగి నాలుగడుగులు వేసి ‘నా కాళ్లేనా ఇవి’ అని చూసుకుంటుంది. మిగతా ఏడుగురూ తమ మొదటి ప్రయాణం గురించి చెప్పి నవ్విస్తారు.

ఇలాంటి చాయ్ దగ్గర ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. బీమా. బండికి పాలసీ ఉంది కదా అనుకుంటారు. ఉన్నది ఏ పాలసీ? చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, తన బండి తప్పువల్ల వెనక ఉచితంగా కూర్చున్న మనిషికి ఏమన్నా అయితే ఆ బండి బీమా కంపెనీకి బాధ్యత ఉండదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమగ్ర పాలసీ, అంటే కంపెనీలు ప్యాకేజీ పాలసీ అనేది ఉంటే మాత్రం వెనక కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకి స్పష్టం చేసింది. యజమానికి తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా నడిపే యజమానికే, వెనకవాళ్లకి కాదు. పాత బండి కదా అని చాలామంది ప్యాకేజీ మానేసి థర్డ్ పార్టీతో సరిపెడతారు. మూడు నాలుగు వేల రూపాయల సైలెన్సరు మార్పించేవాళ్లు కూడా! ఇంటికెళ్లాక ముందు ఆ కాగితం తీసి చూడాలి.

ప్రపంచ ప్రసిద్ధ వెనక సీటు

వెనక కూర్చోవడం చిన్నతనం అనుకునేవాళ్లకి చే గువేరా కథ చెప్పాలి. 1952లో ఆయన లాటిన్ అమెరికా చుట్టడానికి బయల్దేరిన నార్టన్ 500 బండి ఆయనది కాదు, స్నేహితుడు అల్బెర్టో గ్రనాడోది. ఇద్దరూ మార్చి మార్చి నడిపినా యజమాని గ్రనాడోనే. ‘మోటార్ సైకిల్ డైరీస్’ రాసిన మనిషి ఆ దారిలో కొంతమేర వెనక సీటులోంచే లోకాన్ని చూశాడన్నమాట. బండి చిలీలో పూర్తిగా మొరాయిస్తే మిగతా ఖండమంతా లారీలమీద, పడవలమీద తిరిగారు.

మన దగ్గర వెనక సీటుకి మోజు తెచ్చింది మాత్రం పాటే. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’కి మన కొత్త పెళ్లికూతుళ్లంతా చిందులేశారు. పాటలో బుల్లెట్టెక్కినంత సులువు కాదని మాల్ దాటాక తెలుస్తుందనుకోండి!

వెనక సీటునే వద్దనుకున్నవాళ్లూ ఈ నగరంలోనే ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, ఏఎస్‌డీ శాంతి హైదరాబాద్ నుంచి నాలుగు బండ్లమీద బయల్దేరారు. ఒకరి వెనక ఒకరు కూర్చోలేదు, ఎవరి బండి వాళ్లదే. మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి ఏప్రిల్లో ఇంటికొచ్చేసరికి దాదాపు 17 వేల కిలోమీటర్లయింది. నలుగురిలో శాంతి అప్పట్లో తెలంగాణ పోలీసు శాఖలో ఎస్సై. పియా ఆ ప్రయాణాన్ని 2019లో పుస్తకం చేశారు. జై భారతి ‘మోవో’ అనే సంస్థ పెట్టి ఆడవాళ్లకి బండి నడపడం నేర్పించే పనిలో పడ్డారు.

గేట్లెత్తిన రోజు

తొమ్మిదిన్నర ప్రాంతంలో సాగర్. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లెత్తారని పేపర్లో వస్తే ఆదివారం ఈ దారంతా బండ్లే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం ఇది. 1967 ఆగస్టులో ఇందిర కాలువలకి నీళ్లొదిలారు. 26 గేట్లు. అవి తెరిచినప్పుడు లేచే నీటిపొగ దిగువన వంతెన మీదున్నవాళ్ల మొహాల్ని తడిపేస్తుంది. హెల్మెట్టు తీసి ఆవిడ మొహం చూపించేది అక్కడే. చెమటకి అంటుకుపోయిన జుట్టు, రెండు చెంపలమీదా హెల్మెట్టు ఒత్తుకున్న ఎర్రటి గుర్తులు. ఫొటోలో బాగుండదని దువ్వెన వెతుకుతుంది. తర్వాత పదకొండు కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల. డెబ్భై అడుగుల నుంచి దూకే చంద్రవంక. 2022లో తెరిచిన బుద్ధవనం చూడాలంటే మాత్రం ఇంకో రోజు రావాల్సిందే, తిరుగు ప్రయాణం చీకటి పడకముందే అయిపోవాలి. కొత్తవాళ్లతో రాత్రి రెండు వరసల రోడ్డు వద్దు. ఇది కూడా వాదనకి తావులేని నియమం.

తిరుగు దారిలో ఓ విచిత్రం జరుగుతుంది. వెళ్లేటప్పుడు ప్రతి గుంతకీ బిగుసుకున్న మనిషి వచ్చేటప్పుడు బండితోపాటే వంగుతుంది. హెల్మెట్లు ఠక్కుమనడం ఆగిపోతుంది. ప్రమాదం కూడా అక్కడే! అలవాటవగానే నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం భోజనం, వెనకనుంచి ఎండ, ఒకే తీరు ఇంజను మోత... వెనక సీటులో కునుకు పడితే పట్టు వదిలిపోతుంది. అందుకే చివరి బండి ఆయన కన్ను ముందున్న టైరు మీద కంటే ఆవిడ తలమీదే ఎక్కువ ఉంటుంది. కాస్త వాలితే హారన్. ఇబ్రహీంపట్నంలో మళ్లీ చాయ్.

సాయంత్రం ఆరు. ఎల్బీనగర్ చౌరస్తాలో హారన్ల మోత, పైన మెట్రో. పొద్దున బయల్దేరిన స్తంభం దగ్గరే ఆగుతాయి బండ్లు. స్టాండు వేయబోతున్న ఆయన భుజం మీద రెండుసార్లు తడుతుంది ఆవిడ. నవ్వుతూనే. తర్వాత అలవాటు కొద్దీ కుడికాలు అటువైపు నుంచే దించబోయి, సైలెన్సరు గుర్తొచ్చి, ఎడమవైపుకి తిప్పుకుంటుంది.